హరికి అల్లిన స్వెట్టర్లు

తడిసిన ఊలుకు ఒక వాసన ఉంటుంది. కాస్త గొర్రె, కాస్త మట్టి, కాస్త జ్వరం విడిచిన పిల్లవాడి తల. మొన్న రాయదుర్గంలో మెట్రో దిగి ఆఫీసు దాకా నడిచే ఆ నాలుగడుగుల్లోనే వాన పట్టుకుంది, గొడుగు గాలికి తిరగబడింది. నిలువునా తడిసి లిఫ్టు ఎక్కి, స్వెట్టర్ తీసి కుర్చీ వెనక ఆరేసి పనిలో పడ్డాను. కాసేపటికి పక్క సీటు కుర్రాడు ముక్కు ఎగబీలుస్తూ లేచాడు. రాజమండ్రి వైపు పిల్లవాడు, పాపం మహా మర్యాదస్థుడు.

“మేడమ్, ఏదో వాసన వస్తోందండి. సీలింగ్‌లో ఎలక గాని చచ్చిందేమోనండి. మెయింటెనెన్స్ వాళ్ళకి టికెట్ రెయిజ్ చెయ్యమంటారా?”

“ఎలక కాదు నాయనా, నా స్వెట్టర్,” అన్నాను.

వాడి మొహం ఎర్రబడింది. “అయ్యో, సారీ అండి. చాలా బాగుందండి. ఎక్కడ కొన్నారండి?” అన్నాడు. నేనే అల్లుకున్నానంటే నమ్మలేదు. వీడియోలు చూసి నేర్చుకున్నారా అని అడిగితే, కాదు, మా అమ్మ చేసిన తప్పులు చూసి నేర్చుకున్నానన్నాను. జోకనుకుని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆఫీసులో అంతకంటే ఏం చెప్తాం?

ఈ ఊళ్ళో ఇప్పుడు చలి కావాలంటే ఆఫీసుకే రావాలి. బయట డిసెంబరులో కూడా ఫ్యాను కింద పడుకునే జనం, లోపల ఏసీకి వణుకుతూ టోపీల కోట్లు తొడుక్కుని కీబోర్డులు కొడుతుంటారు. కానీ నా చిన్నప్పుడు ఇదే నేల మీద, ఇదే కొండాపూర్‌లో, అసలైన చలి ఉండేది. అది ఉండేదని చెప్తే మా ఆఫీసు పిల్లలు నా వయసు లెక్కకడతారు గానీ మాట నమ్మరు.

మాది అనంతపురం వైపు. నాయన ఇళ్ళు కట్టే కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా పని దొరికి ఈ ఊరొచ్చినప్పుడు నేను మూడో తరగతి, తమ్ముడు హరి ఒకటో తరగతి. అప్పటికి కొండాపూర్ అంటే ఊరు కాదు, బండలు. గుండు మీద గుండు, మధ్యలో సీతాఫలం పొదలు, తంగేడు, పొద్దుగూకితే నక్కల కూత, దూరంగా ఎక్కడో ఒక దీపం. ఆ బండల మధ్య ఒక ముక్క స్థలంలో నాయన రెండు గదులు, ముందు ఒక అరుగు కట్టించి, “ఇప్పుడు నవ్వుతాండారు గానీ, ఇదే రేప్పొద్దున పెద్ద ఊరైతాది సూడండి,” అన్నాడు. ఆయన చెప్పినట్టే అయింది. అప్పట్లో మాకు కనిపించిందల్లా రోజూ ఈల ఊది బండలు పేల్చడం, ఢామ్మని అదిరే తలుపులు, తర్వాత మెల్లగా వచ్చి తులసి మొక్క మీదా, తోడుపెట్టిన పెరుగు మీదా, ఆరేసిన బట్టల మీదా దిగే తెల్లటి దుమ్ము.

ఇక చలి సంగతి. అనంతపురం వాళ్ళకు ఎండ తెలుసు, కరువు తెలుసు, చలి తెలియదు. మార్గశిరంలో ఒక దుప్పటి ఎక్కువ కప్పుకుంటే మాకు చలికాలం అయిపోయినట్టే. ఇక్కడేమో మొదటి ఏడాదే గుండ్ల సందుల్లోంచి వచ్చే గాలి తలుపు కింద నుంచి దూరి కాళ్ళు పట్టుకునేది, తొట్టిలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొరికేవి, కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఎండలో పెడితే తప్ప కదిలేది కాదు. పొద్దున్నే అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి పళ్ళెంలో పెడితే మిరపకాయ బజ్జీ పొగ, నోటి పొగ కలిసి, హరి ఆ పొగను ఉఫ్‌మని నా మొహం మీదికి ఊదేవాడు. ఆ చలికాలంలోనే వాడి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

ఆయాసం వచ్చినప్పుడు వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేవాడు. భుజాలు పైకి లేచేవి, మెడ దగ్గర గుంట లోపలికి పోయేది. అమ్మ వాడి వీపుకు చెవి ఆనించి వినేది. కాస్త తగ్గాక వాడే, “అమ్మా, నా లోపల పిల్లి ఉండాది. దానికి పాలు కావల్లంట, చక్కెర ఎక్కువేసి ఇయ్యి,” అనేవాడు. అటువంటి గడుగ్గాయి. అమ్మ ఏడుస్తూ నవ్వి పాలు కాచేది.

కారణం ఏమిటన్న విషయంలో మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. అనంతపురంలో బాగున్న పిల్లోడు ఇక్కడికొచ్చాక ఇట్లయ్యాడంటే చలి తప్ప ఇంకేముంటుంది? అమ్మ కిటికీల సందుల్లో పాతగుడ్డలు దోపింది, పెరుగు మాన్పించింది, వాడికి తలంటు పొయ్యడం ఆపేసింది. రోడ్డు పక్క గుట్టలు పోసి అమ్మే స్వెట్టర్ ఒకటి కొంటే అది మెడకు గరగరా కొరికి, విప్పేటప్పుడు చిటచిటలాడి, రెండు ఉతుకులకే దోమతెర అయింది. దాంతో అమ్మకు పంతం పట్టింది. బిడ్డ ఛాతీకి గాలి తగలనివ్వని స్వెట్టర్ తన చేత్తో తానే అల్లాలనుకుంది. అంతవరకూ ఆవిడ ఊలు ముట్టుకుని ఎరగదు.

నేర్పింది పక్కింటి సుగుణక్క. వాళ్ళది అక్కడి పాత ఊరే, బర్రెలుండేవి. బడిలో చదువుకునేటప్పుడు టీచరమ్మ దగ్గర నేర్చుకున్న అల్లిక ఆమె మర్చిపోలేదు. మధ్యాహ్నం పాల పని అయ్యాక మా అరుగు మీదికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చునేది. కోఠీ నుంచి తెచ్చిన వంకాయరంగు ఊలు ఉండ ఒళ్ళో, రెండు పొడుగు సూదులు చేతుల్లో, నోట్లో వక్కపొడి. “సీదా ఒకటి, ఉల్టా ఒకటి. గంతే వదినె. లోకంల ఏ డిజైనైనా గీ రెంటితోనే,” అనేది. మేము నలుగు పెట్టుకున్నట్టు ఒంటికి కొబ్బరినూనె పట్టించుకుని ఎండలో కూర్చుని, ఉడికిన చెనిక్కాయలు ఒలుచుకు తింటూ, అమ్మ వేళ్ళు తడబడడం చూసి కిసుక్కుమనేవాళ్ళం. తొక్కలు ఊలులో పడితే ఇద్దరికీ కలిపి వీపు మోగేది.

మొదటి స్వెట్టర్ చెడిపోవడానికి కారణం అమ్మ మంచి పనితనమే. ఆవిడది పూలు కట్టే చెయ్యి. కనకాంబరం, మరువం కలిపి దండ కడితే ముడి ముడికీ దారం లాగి బిగించేది, అందుకే అమ్మ కట్టిన దండలో పువ్వు రాలేది కాదు. ఊలునూ అట్లాగే లాగి బిగించింది. సుగుణక్క చూసినప్పుడల్లా, “గట్ల గుంజకు వదినె, జర ఢీలా ఇడువు,” అని మొత్తుకునేది. వదులుగా అల్లితే సందుల్లోంచి చలి దూరదా అని అమ్మ వాదన. తీరా పూర్తయ్యాక ఆ స్వెట్టర్ అట్టముక్కలా నిలబడింది. హరికి తొడగబోతే మెడ దగ్గర ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. నేనూ సుగుణక్కా చెరో పక్కా పట్టుకుని లాగుతుంటే లోపల నుంచి వాడు, “అమ్మా, నేనింకా పుట్టలేదు!” అని అరిచాడు. సుగుణక్క నవ్వలేక అరుగు మీదే దొర్లింది. దానికి వాడు ‘బావి’ అని పేరు పెట్టాడు.

చెడిపోయింది పారెయ్యడం మా ఇంట్లో లేదు. సుగుణక్క కూడా, “ఫికర్ చెయ్యకు, ఇప్పుదాం, మల్ల అల్లుదాం,” అనే మనిషే. విప్పే రోజు మాకు పండగ. అమ్మ కొస పట్టుకుని లాగుతుంటే వరస వెంట వరస టపటపా ఊడిపోయేది, నేను చేతులు రెండూ చాపి నిలబడితే హరి నా చేతుల చుట్టూ ఆ దారం చుట్టేవాడు, కావాలని ముక్కు మీదుగా కూడా ఒక చుట్టు వేసేవాడు. విప్పిన ఊలు సేమ్యాలా వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని తడిపి, కొసకు చెంబు కట్టి దండేనికి వేలాడదీస్తే తిన్నగా సాగేది. అప్పుడు వచ్చేదే ఈ వాసన, మొన్న ఆఫీసులో మా కుర్రాడు ఎలక చచ్చిందనుకున్నది.

రెండో స్వెట్టర్‌కు మెడ సరిపోయింది గానీ ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. అమ్మకు అంతుచిక్కలేదు. రెండింటికీ వరసలు సమానమే. సుగుణక్క రెండు చేతులూ పక్కపక్కన పరిచి చాలాసేపు చూసి, “గీ చెయ్యి పిలగాడు మంచిగున్నప్పుడు అల్లినవు, గిది ఆయాసమొచ్చినప్పుడు అల్లినవు,” అంది. నిజమే, వాడు బాగున్నన్నాళ్ళు అమ్మ చెయ్యి వదులుగా నడిచింది, వాడి పిల్లికూతలు వింటూ కూర్చున్న రోజుల్లో బిగుసుకుపోయింది. అమ్మ ఆ పొట్టి చెయ్యిని నిమిరింది. హరి మాత్రం పొడుగు చెయ్యి ఊపుకుంటూ ‘ఏనుగు, ఏనుగు’ అని ఇల్లంతా తిరిగాడు. అప్పటి నుంచి అమ్మ రెండు చేతులూ ఒకే సూదుల మీద రెండు ఉండలతో ఒకేసారి అల్లడం నేర్చుకుంది. నేనిప్పటికీ అట్లాగే అల్లుతాను.

మూడోది బాగా కుదిరింది. గోధుమరంగు, గుండెల మీద మెలికల గీత. కుదిరిన ఆనందంలో, వాడికి జ్వరమొస్తే తువ్వాళ్ళు ఉడకబెట్టినట్టే దాన్ని కూడా మరిగే నీళ్ళలో వేసి కుంకుడుకాయతో ఉతికింది. బయటికి తీస్తే నా బొమ్మకు సరిపోయేంత అయింది, దళసరిగా, బిరుసుగా. విప్పుదామన్నా కొస దొరకలేదు, ఊలు ఊలుకు అతుక్కుపోయింది. సుగుణక్క చేత్తో తట్టి, “వదినె, గిది స్వెటర్ కాదు, గొంగడైంది,” అంది. ఎవరూ నవ్వలేదు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. హరి దాన్ని నెత్తిమీద పెట్టుకుని అమ్మ ముందు నిలబడి, “టోపీ బాగుండాదమ్మా,” అన్నాడు.

ఊలును చల్లనీళ్ళతోనే ఉతకాలని అట్లా తెలిసింది. తెలిసింది గానీ, ఆ చలికాలంలో చల్లనీళ్ళతో ఉతికిన మందపాటి ఊలు ఎన్నాళ్ళకు ఆరాలి? తడి స్వెట్టర్ తొడిగితే ఛాతీకి చెమ్మ పడుతుందని అమ్మ భయం. చంటిపిల్లలకు నీళ్ళు పోశాక సాంబ్రాణి వేస్తాం కదా, నిప్పుల మీద బుట్ట బోర్లించి, ఆ పైన పిల్ల జుట్టూ బట్టలూ ఆరబెడతాం. అమ్మ నాలుగో స్వెట్టర్‌ను అట్లా ఆరబెట్టింది. ఇల్లంతా కమ్మటి పొగ. వెచ్చగా, సువాసనగా ఉన్న ఆ స్వెట్టర్‌ను గడ్డం దాకా తొడిగి, కిటికీలు మూసిన గదిలో వాణ్ణి పడుకోబెట్టి, ఇక చలి ఎట్లా వస్తుందో చూస్తానంది. ఆ ఏడాది వాడికి వచ్చినన్ని ఆయాసాలు ఎప్పుడూ రాలేదు.

మూసాపేటలో పిల్లల డాక్టరు ఒకాయన మంచి హస్తవాసి గలవాడని ఎవరో చెబితే నాయన స్కూటరు మీద తీసుకెళ్ళాడు. నేను ముందు నిలబడి, హరి మధ్యలో, అమ్మ వెనక. డాక్టరు గొట్టం చెవిలో పెట్టుకోక ముందే వాడి స్వెట్టర్ వాసన చూసి, “ఏంటమ్మా ఇది, బాబుకి పొగ పట్టిస్తున్నారా? పొగా దుమ్మూ ఈ పిల్లాడికి విషం. ఇవాళ్టి నుంచి బంద్,” అని కసిరాడు. తర్వాత నోట్లో పెట్టుకుని నొక్కి పీల్చే మందు డబ్బా ఒకటి ఇచ్చాడు. బాగున్నా సరే, బాగోకపోయినా సరే, రోజూ పొద్దునా సాయంత్రం పీల్చాలి, మానకూడదు అని రెండుసార్లు చెప్పాడు.

అమ్మ అదే రోజు సాంబ్రాణి బుట్ట సుగుణక్క వాళ్ళ కోళ్ళకు ఇచ్చేసింది. తన తప్పు తెలిస్తే దిద్దుకోవడంలో మా అమ్మంత మనిషిని నేను చూడలేదు. పీల్చే మందు కూడా కొన్నాళ్ళు శ్రద్ధగా ఇచ్చింది. పిల్లికూతలు తగ్గాయి, వాడు మళ్ళీ అన్నం అడిగి తింటున్నాడు. సరిగ్గా అప్పుడు అనంతపురం నుంచి మా పెద్దత్త, నాయన అక్క, బెల్లం ఓళిగల డబ్బా పట్టుకుని దిగింది. హరి మందు డబ్బా నోట్లో పెట్టుకుని పీల్చడం చూసి గుండెలు బాదుకుంది.

“ఏమ్మే సావిత్రీ, నీకేమన్నా బుద్ధుండాదా? ఆ పంపు ఒగసారి అలవాటు చేస్తే ఇంగ సచ్చేదాకా ఇడవదు. మన వీధిలో ముసలాయప్ప దాన్ని జేబులో పెట్టుకోనే పాయె. పసిబిడ్డకు యాడన్నా ఇస్తారా?”

నాయన కూడా తల ఊపాడు. మగపిల్లోడు, రేపు పదిమందిలో తిరగాల్సినోడు, జేబులో పంపు పెట్టుకుని తిరుగుతాడా అన్నాడు. అమ్మ ఒక రోజంతా ఆలోచించి, ఆ డబ్బాను మెత్తటి గుడ్డలో చుట్టి ఇనప బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసింది. పారెయ్యలేదు. నిజంగా అవసరమైనప్పుడు ఉండాలని దాచింది. మా ఇళ్ళలో అంతే కదా, మంచి పళ్ళేలు, మంచి దుప్పట్లు, మంచి చీర, అన్నీ ఆ నిజమైన అవసరం కోసమే బీరువాలో ఉంటాయి. ఆ అవసరం ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పరు. మందు లోపలికి పోయింది, సూదులు మళ్ళీ బయటికి వచ్చాయి.

ఆ తర్వాతి ఏడాది బాగా గడిచింది. అది తలుచుకుంటేనే నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆ ఏడాదే మమ్మల్ని మోసం చేసింది. వానలు దండిగా పడి దుమ్ము అణిగింది, బండలు పేల్చేవాళ్ళు కొన్నాళ్ళు వేరే చోటికి పోయారు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు సుగుణక్క మమ్మల్ని వెంటబెట్టుకుని తంగేడు పూలకు బయల్దేరితే హరి మా అందరికంటే ముందు పరిగెత్తాడు. సద్దుల బతుకమ్మ నాడు ఆమె రొట్టె, బెల్లం కలిపి చేసి పెట్టిన మలీద ముద్దలు జేబుల్లో కుక్కుకుని, బెల్లం కారి నిక్కరుకు అంటుకుంటే చీమలు పట్టి గంతులేశాడు. మా ఇంటి వెనక పెద్ద గుండు ఒకటి ఉండేది. గోనెసంచి కింద వేసుకుని దాని మీద నుంచి జారడం మా ఆట. అంతకు ముందు వాడు కింద నిలబడి ఎవరు గెలిచారో చెప్పేవాడు. ఆ ఏడాది మొదటిసారి ఎక్కాడు. పైన కూర్చుని, ఆయాసపడకుండా, గట్టిగా, “అక్కా! ఈడ నుంచి అనంతపురం కనిపిస్తాంది!” అని అరిచాడు. ఏమీ కనిపించలేదు, బండలే. అయినా నేను ఎక్కి చూశాను.

అమ్మ అప్పటికి అయిదో స్వెట్టర్ పూర్తి చేసింది. నీలం రంగు. మెడ వదులుగా, చేతులు సమానంగా, చంకల దగ్గర మడత లేకుండా, చల్లనీళ్ళతో ఉతికి నీడలో ఆరిన స్వెట్టర్. సుగుణక్క లోపలివైపు తిప్పి చూసి ఒక్క తప్పు పట్టలేకపోయింది. “ఇగ నాకాడ నేర్చుకునేదేం లేదు వదినె,” అంది. హరి దానికి ఏ పేరూ పెట్టలేదు. పేరు పెట్టడానికి అందులో వంకర ఏముంది? అమ్మ చెడగొట్టిన ప్రతిదాని నుంచీ ఒకటి నేర్చుకుంది, అన్నీ కలిపి దీన్ని అల్లింది. ఇక వాడికి ఏమీ కాదని నమ్మింది, మేమంతా నమ్మాం.

పుష్యమాసం, చలి బాగా ముదిరిన రోజులు. బండలు పేల్చేవాళ్ళు తిరిగొచ్చారు, ఈసారి మా ఇంటికి బాగా దగ్గరగా. ఆ సాయంత్రం నేను లెక్కల ట్యూషన్‌కు పోయి వచ్చేసరికి మా వాకిట్లో జనం ఉన్నారు. ఇంట్లో అమ్మ లేదు, హరి లేడు. సుగుణక్క నన్ను తన కొంగులోకి లాక్కుని, “తమ్ముని దవాఖానకు కొంటవోయిండ్రు బిడ్డా, వస్తరు,” అంది. ఆటో దవాఖాన దాకా పోనేలేదట. దారిలోనే అయిపోయింది. తీసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టినప్పుడు వాడి ఒంటి మీద ఆ నీలం స్వెట్టర్ ఉంది. బీరువా తెరిచే ఉంది, పట్టుచీరలు నేల మీద పడి ఉన్నాయి. పంపు వాడారట గానీ అప్పటికే ఆలస్యమైందట.

“ఒక్కసారిగా వచ్చింది, టైమే ఇయ్యలేదు,” అని అమ్మ వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. నాయనకు చెప్పింది, పెద్దత్తకు చెప్పింది. టైమే లేకపోతే ఎవరేం చేస్తారు? ఆ మాట మా ఇంట్లో అందరం పట్టుకుని బతికాం. నేను కూడా చాలా ఏళ్ళు దాన్నే నమ్ముకున్నాను.

అమ్మ అల్లడం మానలేదు. మానుతుందని అందరం అనుకున్నాం. ఏటా కార్తీకం రాగానే సూదులు తీసేది. హరి కొలతే, ఎప్పుడూ అదే ఛాతీ, అవే చేతులు. వాడు పెరగలేదు కాబట్టి స్వెట్టరూ పెరగలేదు. అల్లినవి కట్టడాల దగ్గర గుడిసెల్లో ఉండే కూలీల పిల్లలకు ఇచ్చేది, ముందు వాళ్ళ వీపుకు చెవి ఆనించి విని మరీ. నాకు మాత్రం ఒక్కటి అల్లలేదు. ఒకసారి నోరు తెరిచి అడిగితే, “నీకేమ్మే, నువ్వు గట్టిదానివి,” అంది. అప్పుడు నాకెంత కోపం వచ్చిందో ఇప్పుడూ అంతే వస్తుంది. ఆ కోపంలోనే సుగుణక్క దగ్గర కూర్చుని నాది నేను అల్లుకోవడం మొదలుపెట్టాను. నావీ చెడిపోయాయి, విప్పాను, మళ్ళీ అల్లాను. ఏ తప్పుకు ఏం చెయ్యాలో అమ్మను చూసి నాకు ముందే తెలుసు కాబట్టి ఆవిడ కంటే తొందరగా నేర్చుకున్నాను.

తర్వాత నాయన చెప్పిన పెద్ద ఊరు రానే వచ్చింది. మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ఉద్యోగాల పిల్లల హాస్టల్, మెట్ల కింద వాళ్ళ చెప్పుల గుట్ట. హరి ఎక్కిన గుండును పేల్చి కంకర చేసి ఏ టవరు పునాదిలో పోశారో తెలియదు, బహుశా రోజూ నేను దాని మీదే కూర్చుని పని చేస్తున్నానేమో. సుగుణక్క వాళ్ళు బర్రెలూ భూమీ అమ్ముకుని శంకర్‌పల్లి వైపు వెళ్ళిపోయారు, పోయిన ఏడు ఆమె పోయిందని కబురొచ్చింది. పెద్దత్త లేదు, నాయన లేడు. తంగేడు పూలు ఇప్పుడు ఫ్లైఓవర్ కింద కట్టలు కట్టి అమ్ముతున్నారు. చలి కూడా పోయింది. అమ్మ ఎవరితో పోరాడిందో ఆ శత్రువు కూడా ఊరొదిలి వెళ్ళిపోయింది. దుమ్ము మాత్రం ఉంది.

అమ్మ నా దగ్గరే ఉంటోంది, కొండాపూర్‌లోనే, ఫ్లాటులో. మొన్న ఆ వానల తర్వాత దగ్గు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మా పక్క కుర్చీలో ఒక చిన్న పిల్లవాడు తల్లి ఫోనులో ఏదో ఆట ఆడుతున్నాడు. ఆడుతూ ఆడుతూనే తల్లి సంచీలోంచి నీలం డబ్బా తీసి, నోట్లో పెట్టుకుని నొక్కి పీల్చి, కాసేపు బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టి, డబ్బా తల్లికిచ్చి మళ్ళీ ఆటలో పడ్డాడు. అమ్మ చూస్తూ ఉండిపోయింది. ఆ తల్లి మోచెయ్యి తాకి, “రోజూ ఇస్తావా తల్లీ? అలవాటు కాదా?” అని అడిగింది.

“అలవాటేనండి ఆంటీ,” అంది ఆ అమ్మాయి నవ్వుతూ. “పళ్ళు తోముకోవడం లాగేనండి. వీడు ఈతకి కూడా వెళ్తాడండి.”

ఇంటికొచ్చేటప్పుడు క్యాబు కొత్తగూడ సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగింది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. చూడ్డానికి అక్కడ అద్దాల గోడలు తప్ప ఏమీ లేవు. అటు తిరిగే మాట్లాడింది.

“టైము ఉన్నింది పాపా.”

నాకు మొదట అర్థం కాలేదు. దేనికి టైమని అడిగాను.

“ఆ పొద్దు బడి నుంచి నడిసే వచ్చినాడు. అరుగు మీద కూసోని, ‘అమ్మా, ఆ పంపు ఇయ్యమ్మా’ అన్న్యాడు. వాడే అడిగినాడు. చలికి అట్లుండాదిలే నాయనా, ముందు స్వెట్టర్ తొడుక్కో, తగ్గుతాది అన్న్యా. ఏమీ అనలేదు పాపా. చేతులు రెండూ పైకెత్తినాడు. తొడిగినా.”

గ్రీన్ సిగ్నల్ పడింది. వెనక బండ్లు హారన్లు మోగించాయి. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ మెల్లగా విడిపించుకుంది.